బ్యాలెన్సు నూట ఎనభై

పెదవాల్తేరులో మాది పోలమాంబ జిరాక్స్.
యూనివర్సిటీ గేటు నుంచి నడిచొస్తే
చెరుకురసం బండి దాటాక రెండో షట్టరు.
ఎవరి డాక్టరేటుకైనా అట్ట వేసేది నేనే.
లోపల ఏముందో చదవను,
పేజీ నంబర్లు చూసుకుంటాను, అంతే.

ఆ ఏడు ఇద్దరొచ్చారు, దక్షిణ సూడాన్ వాళ్లు.
మజోక్ పొద్దున్నే వచ్చేవాడు,
గట్వెచ్ దీపాలు పెట్టే వేళకి.
ఒకడు లోపలుంటే
రెండోవాడు రోడ్డుకి అటుపక్కే ఆగిపోయేవాడు.
ఇద్దరిదీ ఒకటే సంగతి:
స్వతంత్రం వచ్చాక నాయకులు మిగిల్చిందేమిటని.
ఇద్దరికీ ముదురు నీలం అట్ట, బంగారు అక్షరాలు.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది.
ఫ్యాను ఒక్కసారి విసిరి
రెండు కట్టలూ నేలంతా పరిచేసింది.
మోకాళ్ల మీద ఏరుతూ మొదటిసారి చదివాను.
ఏ కాగితం ఎవరిదో తెలియాలి కదా.

జెండా ఎగిరిన రోజు దాకా తెలియలేదు.
అదే జులై, అదే ఎండ,
రాత్రంతా నిద్రపోని అదే ఊరు.
అడవిలో ఒక గిన్నెలో తిన్నవాళ్లు
కొత్త కుర్చీల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో
ఆ వరసా ఒకటే.
రెండేళ్లు గడిచి, ఒక డిసెంబరు దగ్గర
కాగితాలు విడిపోయాయి.
ఇందులో ద్రోహి, అందులో తండ్రి.
ఒకే ఊళ్లో ఒకే వారంలో పోయినవాళ్లు
ఒక కట్టలో ఇంతమంది, రెండో కట్టలో అంతమంది.

సాయంత్రం గట్వెచ్‌ని అడిగాను,
ఏ లెక్క నిజం బాబూ అని.
"రెండూనమ్మా" అన్నాడు.
వాడి తెలుగు హాస్టల్ వంటమనిషి పెట్టిన భిక్ష.
"ఎవుల సచ్చినోల్ని ఆలే లెక్కెట్టుకున్నారు."

ఎలక్షన్ కోడ్ వచ్చి
బీచ్ రోడ్డులో విగ్రహాలన్నిటికీ గుడ్డలు చుట్టిన రోజుల్లో
మజోక్ అటునుంచే నడిచొచ్చాడు.
చనిపోయినవాళ్లకి ముసుగెందుకని అడిగాడు.
మొహం కనబడితే ఓట్లు కదుల్తాయని, అన్నాను.
చాలాసేపు నవ్వాడు.
"మా నోటు మీదా ఒక చనిపోయినాయన ఉన్నాడు.
ఆయన వల్ల భయం లేదు.
బతికున్నవాళ్లకే ఏ గుడ్డా చాలదు."
జేబులోంచి ఆ నోటు తీసి నాకిచ్చాడు.
లామినేషన్ చేసి దాచుకుంటానంటే వద్దన్నాడు.
"రోజూ పడిపోతోంది. ఊపిరన్నా ఆడనివ్వండి."

నా దగ్గర పాత రాష్ట్రం మ్యాపులు ఇంకో నలభై ఉన్నాయి,
ఇరవై మూడు జిల్లాలవి.
బళ్లో పిల్లలు వేలు పెట్టి, ఇది తప్పు మ్యాపు ఆంటీ అంటారు.
వెనకవైపు తెల్లగానే ఉంది కదా,
బాకీలు రాసుకుంటున్నాను.
మాదీ విడిపోవడమే నాయనా అని మజోక్‌తో అనబోయి
నోరు మూసుకున్నాను.
మా వీధిలో ఆగినవి బస్సులు.
వాడికి ఆగింది అమ్మ ఫోను.

ఏప్రిల్లో, వెతకాలని, వెళ్లాడు.
అయిదు కాపీల్లో ఒకటి నా దగ్గరే ఉండిపోయింది,
డబ్బు తక్కువైందని, వచ్చి తీసుకుంటానని.

మొన్న గట్వెచ్ వచ్చాడు. బయట ఆటోలో పెట్టెలు.
తన కాపీలు లెక్కపెట్టుకున్నాడు.
అలమరాలో పక్కనున్న నీలం అట్ట కేసి చూసి
"ఆడిది బేలెన్సెంత?"
నూట ఎనభై.
రెండొందలిచ్చాడు, ఇరవై తీసుకున్నాడు.
పోనీ పుస్తకం పట్టుకెళ్లు, ఇవ్వొచ్చు, అన్నాను.
"నాకెందుకూ. అన్నీ అబద్దాలు."
ఆటోలో ఒక కాలు పెట్టి, మళ్లీ దిగి వచ్చాడు.
"కింద అరలో ఉంచకమ్మా. సెద పట్టేస్తది."

పై అరలోకి మార్చాను.
ఉప్పుగాలి కదా, వాడి పేరులో మొదటి అక్షరం
కొంచెం నా బొటనవేలికి వచ్చింది.